ఎల్‌టీసీలో మిగిలిన రెండు రాత్రులు

మా వీధిలో ఎవరైనా పరుపూ దుప్పట్లూ చుట్టుకెళ్ళే హోల్డాల్‌ని దులిపి ఎండలో వేశారంటే వాళ్ళకి ఎల్‌టీసీ మంజూరైందని అర్థం. నాలుగేళ్ళకోసారి కుటుంబంతో దేశంలో ఎక్కడికైనా వెళ్ళిరావడానికి మా భిలాయి ఉక్కు ప్లాంటు రైలు ఛార్జీ ఇస్తుంది. ఎక్కడికైనా అన్నారు గాని మా సెక్టర్ 4 వాళ్ళందరికీ దానికి ఒకటే అర్థం, కన్యాకుమారి. అంతకంటే దూరం పోతే సముద్రంలో పడతాం. ఇస్తానన్న దూరంలో ఒక్క మైలైనా ఎందుకు వదులుకోవాలని అందరూ అక్కడికే వెళ్తారు. అందుకే ఏ క్వార్టర్లో అడుగుపెట్టినా షోకేసులో అవే శంఖాలు, అవే రంగు ఇసుక పొట్లాలు.

కిందటి చలికాలం మా వంతు వచ్చింది. మేం అయిదుగురం. మా ఆయన మిల్లులో మూడు షిఫ్టుల ఉద్యోగి. అత్తగారిది శ్రీకాకుళం వైపు పల్లె. మామగారు పోయాక మా దగ్గరికే వచ్చేశారు. పాప ఒకటో తరగతి. బాబుకి అప్పటికి పద్నాలుగు నెలలు. చలిగాలి తగిలితే చాలు, వాడి గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ కూతలు వినిపిస్తున్నాయో లేదో అని రోజుకి పదిసార్లు వాడి వీపుకి చెవి ఆనించి వినడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడిది రాస్తూ కూడా మధ్యలో ఒకసారి లేచి వెళ్ళి విని వచ్చాను.

ముందు అనుకున్న ప్రయాణంలో వింతేమీ లేదు. నాగపూర్‌లో రైలు మారి మద్రాసు, అక్కణ్ణుంచి మదురై, ఆపైన బస్సులో కన్యాకుమారి, మళ్ళీ అదే దారిలో వెనక్కి. ఒక సాయంత్రం ఆయన ప్లాంటు నుంచి వచ్చి సైకిల్‌కి స్టాండు వేస్తూనే అన్నారు.

"రెండు రోజులు కలిసొచ్చేయి. మనవాళ్ళిద్దరు చెరో రోజు నా డ్యూటీ చేస్తామన్నారు. హోలీకి వాళ్ళ డ్యూటీలు నేను చెయ్యాలి, అంతే."

"అయితే?"

"అయితే ఏటి, రెండు రాత్రులు ఎక్కువున్నాయి. అవి ఏ ఊళ్ళో ఉందుమో నువ్వే చెప్పు."

"నేనా?"

"నువ్వే. నాకు ఏ ఊరైనా ఒకటే. రాత్రిపూట రాత్రిలాగ పడుకోనిస్తే చాలు."

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నేను మాత్రం చేతిలో చేటతో అక్కడే నిలబడిపోయాను. విజయనగరంలో చదువుకోమన్నది నాన్న. భిలాయి తీసుకొచ్చింది పెళ్ళి. ఈ క్వార్టరు ఇచ్చింది ప్లాంటు. పురుళ్ళకి పుట్టింటికి పంపింది ఆచారం. ఫలానా ఊళ్ళో ఉందామా అని నన్నడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. చేటలో బియ్యం ఉన్నాయన్న సంగతి కూడా కాసేపు గుర్తురాలేదు.

ఊరి పేరు మాత్రం ఆ క్షణంలోనే నా నోటి దాకా వచ్చింది. కొడైకెనాల్.

నేను బి.ఎస్సీ. బోటనీ. ఆఖరి ఏడాది మా క్లాసంతా మొక్కలు సేకరించడానికి కొడైకెనాల్ వెళ్ళింది. నా పెట్టె కూడా సర్దుకున్నాను. బయల్దేరాల్సిన రోజు పొద్దున్న అద్దంలో చూసుకుంటే రెండు దవడలూ బూరెల్లా ఉన్నాయి. గవదబిళ్ళలు. రైలు వాళ్ళని తీసుకుని వెళ్ళిపోయింది. వాళ్ళు తిరిగొచ్చాక పరీక్షకి హెర్బేరియం ఇవ్వాలి కనక ఒక స్నేహితురాలు తన మొక్కల్లో కొన్ని నాకిచ్చింది. నేను వాటిని అట్టలకి అంటించి, కింద చీటీలో 'స్థలం: కొడైకెనాల్' అనీ, 'సేకరించినవారు' అన్నచోట నా పేరూ రాశాను. ఇరవై అట్టలు, ఇరవై అబద్ధాలు. మంచి మార్కులే వచ్చాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మా ఆయనకి చెప్పాను.

ఆయన నవ్వలేదు. "అయితే కొడైకెనాలే," అన్నారు.

"అప్పుడే ఎవరితోనూ అనకండి. బాబు సంగతి చూడాలి కదా."

అనకండి అన్నాను గాని మా ఇంట్లో గోడలు పల్చన. మర్నాడు పొద్దున్న అత్తగారు పళ్ళపొడి నోట్లో ఉండగానే మొదలుపెట్టారు.

"మదురై దాకా ఎల్లి రామేశ్వరం సూడకుండా వచ్చిందంటే ఊర్లో నా ముఖాన ఊస్తారు. రెండు రాత్రులు మిగిల్నాయట కదా. ఒక రాత్రి ఎల్లడానికి, ఒక రాత్రి రావడానికి. దేవుడు కొలిచి ఇచ్చినట్టున్నాడు."

"ఇంకా ఏమీ అనుకోలేదండి," అన్నాను.

"అనుకోడానికేటుంది. కొండ మీద ఏటుంటాది? సలి ఉంటాది. ఆ సలి ఇక్కడ్లేదా?"

పక్క క్వార్టర్ వదినది మా విజయనగరమే. వాళ్ళు కిందటేడే కన్యాకుమారి వెళ్ళొచ్చారు కాబట్టి మొత్తం దక్షిణ దేశానికి ఆవిడే అధికారి. గోడకి అటువైపు నిలబడి ఆవిడ తీర్పు చెప్పేసింది.

"రెండు రాత్రులూ మద్రాసులో పెట్టుకో వదినా. పట్టుచీరలు చూడొచ్చు. కొండలెక్కుతావా, ఈ పిల్లడినీ, ఆ పిల్లికూతలనీ వేసుకుని?"

"చూస్తున్నానంతే."

"చూడు చూడు. దగ్గు మందు సీసా కాదు, డబ్బా పట్టుకెళ్ళు."

అందరూ సరైన మాటలే అంటున్నారు. అదే నా బాధ. నాకు తెలుసు, చలి ఉంటుంది, ఘాట్ రోడ్డు ఉంటుంది, రాత్రివేళ వాడికి ఊపిరాడకపోతే డాక్టరు ఏ వీధిలో ఉంటాడో తెలియదు. అయినా సాయంత్రమయ్యేసరికి పాప స్కూల్ అట్లాస్ తెరిచి, మదురై మీద ఒక వేలు పెట్టి, ఎడమవైపు పైకి, కుడివైపు సముద్రం దాకా కొలుస్తూ కూర్చునేదాన్ని. రామేశ్వరం వైపు వేలు వెళ్తే బుద్ధి సరే అనేది. పైకి వెళ్తే వేలు అక్కడే ఆగిపోయేది. స్కూల్లో హిందీకి అలవాటుపడ్డ పాప నా మోకాళ్ళ మీద మోచేతులు పెట్టి చూసేది.

"మమ్మీ, వహాఁ బరఫ్ హై క్యా?"

"మంచు ఉండదమ్మా. పొగమంచు ఉంటుంది."

"ఫిర్ క్యా హై?"

"మొక్కలు."

"మొక్కలు తో యహాఁ భీ హై," అని తేల్చేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయింది.

బాబుని ఆసుపత్రికి తీసుకెళ్ళి, పిల్లల డాక్టరుగారి ముందు అయిదు ప్రశ్నలు రాసుకున్న కాగితం తెరిచాను. ఆయన మొదటి ప్రశ్నకే, "స్వెటర్ తొడగండి, చెవులు కప్పండి, తీసుకెళ్ళండి," అనేశారు. మిగతా నాలుగూ అడక్కుండా కాగితం మడిచేశాను. దారిపొడుగునా నడుస్తున్నానో పరిగెడుతున్నానో నాకే తెలియలేదు.

అయినా ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. అదృష్టం ఏమిటంటే రామేశ్వరం వెళ్ళాలన్నా, కొడైకెనాల్ వెళ్ళాలన్నా మదురై నుంచే వెళ్ళి మదురైకే రావాలి. కాబట్టి రిజర్వేషన్‌కి ఊరి పేరు ముందుగా చెప్పనక్కర్లేదు. మా ఆయన షిఫ్టు చార్టు వెనకవైపు గీతలు గీసి లెక్క తేల్చారు. మంగళవారం సాయంత్రం కన్యాకుమారి నుంచి మదురై చేరతాం. బుధవారం, గురువారం, ఈ రెండు రాత్రులూ మనవి. శుక్రవారం రాత్రి మదురైలో మద్రాసు బండి. శనివారం సాయంత్రం మద్రాసులో నాగపూర్ బండి.

"ఆ రెండు రాత్రులూ ఎక్కడో మదురైలో చెప్పు. అంతవరకూ ఆలోచించుకో," అన్నారు.

చుట్టు ప్రయాణానికి మొత్తం ఒకటే టికెట్టు. బెర్తులకి మాత్రం ఎక్కడికక్కడ వేరే చీటీలు. మదురై నుంచి బెర్తుల కోసం మా పక్కనున్న దుర్గ్ స్టేషన్‌లో ఫారం ఇస్తే, వాళ్ళు అక్కడికి తంతి పంపి, జవాబు వచ్చాక చీటీ రాసిచ్చారు. దానికి రెండు వారాలు పట్టింది. ఆ చీటీ చేతికి వచ్చిన రోజున ఆయన జిలేబీ తెచ్చారు.

ఇక సర్దడం. పాలపొడి డబ్బా, వేయించిన రవ్వ, కిరసనాయిల్ స్టవ్వు, మరిగించిన నీళ్ళకి రెండు కూజాలు, మూడు రకాల దగ్గు మందు, థర్మామీటరు, అది పగిలితే ఇంకో థర్మామీటరు. పెట్టె అడుగున, ఎవరికీ కనపడకుండా, పాత వార్తాపత్రికల కట్ట ఒకటి పెట్టాను. మొక్కలు ఆరబెట్టడానికి. మొత్తం ఎనిమిది సామాన్లు. ప్రతి స్టేషన్‌లోనూ ఎనిమిది లెక్కపెట్టి, తర్వాత పిల్లల్ని లెక్కపెట్టి, తర్వాత సంచీలో టికెట్టూ చీటీలూ ఉన్నాయో లేదో తడిమి చూసుకునేదాన్ని. ఆయన నన్ను 'టైమ్ ఆఫీసు' అని పిలవడం మొదలుపెట్టారు. ప్లాంటు గేటు దగ్గర హాజరు చూసే ఆఫీసు పేరు అది.

ప్రయాణం బాగా సాగింది. నేను భయపడినవేవీ జరగలేదు, భయపడనివి కొన్ని జరిగాయి. నాగపూర్‌లో ఒక కూజా పగిలితే అక్కడే ఇంకోటి కొన్నాం. మద్రాసులో పాప తప్పిపోలేదు గాని మా ఆయన తప్పిపోయారు. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ కోసం వెళ్ళి వేరే ప్లాట్‌ఫారం మీద తేలారు. కన్యాకుమారిలో అత్తగారు మూడు సముద్రాల నీళ్ళూ నెత్తిన పోసుకుని, తడిబట్టలతోనే ఒడ్డున కూర్చుని చాలాసేపు లేవలేదు. రండి అంటే, "ఉండు. దేశం ఇక్కడ అయిపోనాది. కాసేపు సూణ్ణీ," అన్నారు. మేమూ శంఖం కొన్నాం. ఇసుక పొట్లాలూ కొన్నాం. కానీ నా మనసంతా బుధవారం మీదే ఉంది. పొద్దున్నే చెప్పేద్దామనుకోవడం, మధ్యాహ్నం బాబు ఒకసారి దగ్గితే మింగేయడం. ఇలా నాలుగు రోజులు గడిచాయి. బాబు అన్నిచోట్లా ఇంటి దగ్గరకంటే కులాసాగానే ఉన్నాడు.

మంగళవారం సాయంత్రం మదురైలో లాడ్జి గది తలుపు తియ్యగానే అత్తగారు మంచం మీద కూర్చుని, "రేపు పొద్దున్న బండి ఎన్నింటికిరా?" అన్నారు కొడుకుతో.

"ఏ బండమ్మా?"

"రామేశ్వరం బండి."

ఆయన నా వైపు చూశారు. నేను అలవాటు చొప్పున సంచీ తెరిచాను. ఎనిమిది సామాన్లు, ఇద్దరు పిల్లలు, టికెట్టు, చీటీ. ఆ చీటీని భిలాయిలో, నాగపూర్‌లో, మద్రాసులో ఎన్నిసార్లు లెక్కపెట్టానో. ఒక్కసారీ చదవలేదు. ఆయన చూపు తప్పించుకోవడానికి తల దించుకుని అప్పుడు చదివాను. మళ్ళీ చదివాను.

"ఏమండీ, మన మద్రాసు బండి ఎప్పుడన్నారు?"

"శుక్రవారం రాత్రి. పన్నెండూ నలభైకి."

"దీనిమీద శుక్రవారం తేదీయే ఉంది."

"మరింకేటి?"

"పక్కన సున్నా గంటల నలభై నిమిషాలని ఉంది. అది గురువారం రాత్రి కదండీ. అర్ధరాత్రి దాటగానే శుక్రవారం వచ్చేస్తుంది. మనం అనుకున్నదానికి శనివారం తేదీ వెయ్యాలి."

ఆయన చీటీ తీసుకుని దీపం కిందకి వెళ్ళారు. రెండువైపులా తిప్పి చదివారు.

"శుక్రవారం నైట్ అంటే శుక్రవారం తేదీయే కదా వేస్తారు," అన్నారు చివరికి. గొంతులో తప్పు చేసినవాడి బెరుకు లేదు, అన్యాయం జరిగినవాడి ఆశ్చర్యమే ఉంది.

అప్పుడు నాకర్థమైంది. సి షిఫ్టు రాత్రి పదింటికి మొదలై తెల్లవారి ఆరింటికి ముగుస్తుంది. మధ్యలో పన్నెండు కొట్టినా, రెండు కొట్టినా, హాజరు పట్టీలో అది మొదలైన రోజు డ్యూటీయే. శుక్రవారం ఎక్కినవాడు పొద్దున్న బయటికొచ్చేదాకా శుక్రవారంలోనే ఉంటాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆయన రాత్రుల్ని అలాగే లెక్కపెడుతున్నారు. దుర్గ్ స్టేషన్‌లో ఫారం నింపినప్పుడూ అలాగే నింపారు. గుమాస్తా అడిగినదాన్ని బట్టి బెర్తులు రాశాడు. ఎవరి తప్పూ లేదు, బండి మాత్రం ఒక రోజు ముందుకొచ్చింది.

"తెల్లారకుండా శనివారం ఎలాగొస్తాది?" అన్నారు అత్తగారు. "సూర్యుడు రావద్దా?"

"అదే కదమ్మా నేనూ అంటున్నాను," అన్నారాయన.

"మన పంచాంగంలో ఎప్పుడూ అంతే. పొద్దు పొడిస్తేనే వారం మారతాది."

"మా ప్లాంటులోనూ అంతే. పొద్దున్న ఎ షిఫ్టు ఎక్కితేనే తేదీ మారతాది."

తల్లీ కొడుకూ ఒక పక్కకి చేరిపోయారు. పంచాంగానికీ ప్లాంటుకీ అంత పొత్తు ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఆ గదిలో అర్ధరాత్రి రోజు మారుతుందని నమ్మేది నేనూ, దక్షిణ రైల్వే.

పాప పడుకుంది గాని మేం ముగ్గురం చీటీ చుట్టూ కూర్చున్నాం. లెక్క ఎటు తిప్పినా ఒకటే. గురువారం సాయంత్రానికి మదురైలో ఉండాలి. అంటే మా చేతిలో ఉన్నది బుధవారం రాత్రి ఒక్కటే. రెండోది మద్రాసుకి పోయింది. అక్కడ శుక్రవారం పొద్దున్న దిగి శనివారం సాయంత్రం దాకా ఊరికే కూర్చోవాలి.

"మద్రాసు మాత్రం ఊరు కాదా," అన్నారాయన, నన్ను నవ్వించడానికి.

అత్తగారు వేళ్ళు మడిచారు. "బుధవారం ఎల్లి, రాత్రి తొంగుని, తెల్లారి తానం సేసి, దర్శనం సేసుకుని, సాయంత్రానికి వచ్చీసిందంటే సరిపోతాది. రామేశ్వరానికి ఒక రాత్రి సాలు. కొండకి సాలదు. అవునా కాదా?"

అవును. లెక్కలో ఆవిడదే గెలుపు. నాలుగు గంటలు ఎక్కి, నాలుగు గంటలు దిగడానికి ఒక రాత్రి. ఏ ఇల్లాలైనా రామేశ్వరమే అనాలి. నేను అందామనే నోరు తెరిచాను.

"కొడైకెనాల్ వెళ్దామండి," అన్నాను.

అది నా గొంతేనా అనిపించింది. అత్తగారు నన్ను ఎగాదిగా చూశారు. ఇన్నేళ్ళలో ఆవిడ మాటకి నేను అడ్డం చెప్పింది కూరలో ఉప్పు దగ్గర మాత్రమే.

"నీకంత కావాలా, ఆ కొండ?"

"కావాలండి."

"ముందే సెప్తే నానేటి కొరికేద్దునా," అని ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. కోపమో కాదో ఆ వీపుని బట్టి చెప్పలేకపోయాను.

బుధవారం పొద్దున్న బస్సు మైదానం దాటి మలుపులు మొదలుపెట్టగానే నాకు చెవులు మూసుకుపోయాయి, ఆనందానికో ఎత్తుకో. లోయవైపు కిటికీ నాదే. అరటితోటలు కిందకి జారిపోతున్నాయి. పదో మలుపులో బాబు కక్కాడు. పదిహేనో మలుపులో మళ్ళీ కక్కాడు. ఆ తర్వాత లోయ ఉందో లేదో నాకు తెలియదు. చీర కొంగు తడుపుకుంటూ, వాడి వీపుకి చెవి పెట్టుకుంటూ పైకి చేరాను. పైన పొగమంచు. ఎదురుగా ఉన్న లాడ్జి బోర్డు కూడా చదవలేకపోయాం. గదిలోకి వెళ్ళి తలుపులు బిగించి, స్టవ్వు వెలిగించి, నీళ్ళు కాచి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పాపని తీసుకుని బయటికి వెళ్ళారు. నేను నా కొడైకెనాల్ మొదటి సాయంత్రమంతా థర్మామీటరు చూసుకుంటూ గడిపాను. జ్వరం లేదు. పిల్లికూతలూ లేవు. వాడు హాయిగా నిద్రపోయాడు. నమ్మకం లేనిదాన్ని నేనే.

అత్తగారు దుప్పటి కప్పుకుని గాలి పీల్చి చూశారు. "కొండంతటికీ తలనొప్పి మందు రాసీసినట్టున్నారు," అన్నారు. బయట యూకలిప్టస్ చెట్లు ఉన్నాయని చెప్పాను. "అలాగైతే మంచిదే. పిల్లడికి వేరే మందక్కర్లేదు."

తెల్లవారేసరికి మంచు లేదు. కిటికీ తీస్తే కింద సరస్సు, చుట్టూ ఒకదాని వెనక ఒకటి కొండలు. నేను చెప్పులు వేసుకోకుండా గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి వేసుకున్నాను. బాబు తలకి మఫ్లరు చుట్టి నడుముకెక్కించి, పాపని చెయ్యి పట్టుకుని, లాడ్జి వెనక దారిలో నడిచాను. రాతిగోడ నిండా ఫెర్న్ మొక్కలు. కొమ్మలకి ముసలి గడ్డాల్లా వేలాడే లైకెన్లు. పుస్తకంలో నల్లగీతల బొమ్మలుగా చూసినవన్నీ ఇక్కడ తడిగా, చల్లగా, వాసనతో ఉన్నాయి. ఒక్కొక్కదాని లాటిన్ పేరు నా నోట్లోంచి వచ్చేస్తోంది. ఇన్నేళ్ళుగా అవి ఎక్కడ దాక్కున్నాయో. ఒక ఫెర్న్ ఆకు తిప్పి పాపకి అడుగున గోధుమరంగు చుక్కలు చూపించాను.

"యే చాయ్‌పత్తీ హై క్యా?" అంది, టీపొడి అనుకుని.

"కాదు. ఇందులోంచే కొత్త మొక్కలు పుడతాయి. విత్తనం లేకుండా."

"బినా బీజ్ కే?" దాని కళ్ళు పెద్దవయ్యాయి. ఆ తర్వాత గోడ మీద ఉన్న ప్రతి ఆకూ తిప్పి చూడడం మొదలుపెట్టింది. దాన్ని అక్కణ్ణుంచి కదపడం నా వల్ల కాలేదు, కదపాలనీ లేదు. గోడ మలుపు తిరిగి పైకి, అడవిలోకి వెళ్తోంది. ఆ మలుపు దగ్గరికి చేరామో లేదో వెనకనుంచి ఆయన పిలిచారు. సామాన్లు సర్దాలి. మధ్యాహ్నం బస్సు.

రెండు గంటలు. ఆ కొండ మీద నాకు దొరికినవి ఆ రెండు గంటలే.

బస్టాండులో హోల్డాలూ పెట్టెలూ బస్సు పైకి ఎక్కించారు. ఎనిమిది లెక్కపెట్టాను. పిల్లల్ని లెక్కపెట్టాను. అత్తగారు ఎక్కి కూర్చున్నారు. ఆయన బాబుని ఎత్తుకుని మెట్టు మీద ఉన్నారు. నేను మాత్రం కిందే నిలబడ్డాను. నా కాళ్ళు ఎక్కలేదు. అంతకంటే వివరంగా చెప్పలేను.

"ఏటి, ఏటైనా మర్చిపోయావా?"

"ఇవాళ వద్దండి. రేపు దిగుదాం."

"రేపా? బెర్తులు రాత్రికి కదా."

"పోనీండి. మన టికెట్టు చెల్లుతుంది, పోయేవి బెర్తులే. రేపు రాత్రి అదే బండి ఎక్కితే శనివారం నాగపూర్ బండి అందుతుంది. మనం మొదట అనుకున్నట్టే."

"బెర్తుల్లేకుండా? జనరల్ బోగీలో? ఈ ఇద్దరితో?" ఆయన నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూశారు. "రెండు థర్మామీటర్లు తెచ్చినదానివి నువ్వేనా?"

"నేనే. భయంగానే ఉంది. అయినా ఉందాం."

కండక్టరు అరవంలో ఏదో అన్నాడు. ఎక్కుతారా లేదా అనే అయ్యుంటుంది. బస్సులో వాళ్ళంతా మమ్మల్నే చూస్తున్నారు. ఇంకో రోజైతే ఆ చూపులకే నేను ఎక్కేసి ఉండేదాన్ని.

కిటికీలోంచి అత్తగారి తల బయటికొచ్చింది. "నాను తొలిసారి భిలాయి వచ్చినప్పుడు మూట మీద కూకునే వచ్చాను. మూట ఉంటే బెర్తెందుకు? నా సంగతి ఒగ్గీయండి. పిల్లల సంగతి సూసుకోండి."

"పిల్లల్ని నా ఒళ్ళో పడుకోబెట్టుకుంటానండి," అన్నాను.

"నేను నిలబడతాను," అన్నారాయన. "సి షిఫ్టు అనుకుంటే సరి. దాని తేదీ ఏదో మాత్రం నన్నడక్కండి."

అత్తగారు దిగలేదు. కిటికీ చువ్వ పట్టుకుని నావైపే చూస్తూ కూర్చున్నారు.

"ఒలే, ఒక మాట సెప్పు. మళ్ళీ నాలుగేళ్ళకి?"

"రామేశ్వరమండి. రెండు రాత్రులూ అక్కడే."

"అప్పుడు సైంటిస్టు యేషాలెయ్యవు కదా?"

"వెయ్యనండి."

"నాలుగేళ్ళకి నానుంటానో లేదో," అంటూనే ఆవిడ సంచీ తీసుకుని, ముందువాళ్ళ మోకాళ్ళు తోసుకుంటూ దిగారు.

సామాన్లు మళ్ళీ కిందకి దించాల్సి వచ్చింది. పైనున్న మనిషి ఒక్కొక్కటీ అందిస్తూ మా అందరినీ కలిపి అరవంలో తిడుతున్నాడు. మేం అర్థం కాని మొహాలతో అందుకున్నాం. బస్సు కదిలి మలుపు తిరిగింది. హారన్ ఒకసారి కింద, ఇంకాస్త కింద వినిపించి ఆగిపోయింది. రోడ్డు పక్కన ఎనిమిది సామాన్ల మధ్య అయిదుగురం నిలబడ్డాం. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే బాబు వీపుకి చెవి పెడితే నాదే వినిపించింది.

లాడ్జిలో మా గది ఇంకా ఊడవను కూడా లేదు. పెట్టెలు గుమ్మంలోనే వదిలేసి, పెట్టె అడుగునుంచి పత్రికల కట్ట తీసుకున్నాను.

"ఔర్ ఏక్ రాత్?" అంది పాప, వేలు చూపిస్తూ.

"ఇంకో రాత్రి. ముందు పద, చీకటి పడకుండా ఆ మలుపు దాటాలి," అన్నాను.